బతికే ఉన్నట్టు సంతకం

“ఇది పేలదు కదండీ?”

ఆమె ఈ ప్రశ్న అడిగేసరికి కంప్యూటర్ ఇంకా అట్టపెట్టెలోంచి బయటికే రాలేదు. మాస్టారు పెట్టె మీది టేపు చింపబోతున్నారు, అంతే. ఆమె మాత్రం అప్పటికే బల్ల పక్కన తడి గోనెసంచీ, బకెట్టుడు ఇసుక సిద్ధం చేసి, కాళ్లకు రబ్బరు చెప్పులు తొడుక్కుని, వీధి తలుపు బార్లా తెరిచి ఉంచింది. పారిపోవడానికి దారి ఉండాలి గదా.

మాస్టారు ఒకప్పుడు టైపు నేర్పేవారు. టైపు మిషన్లు మూలపడ్డాక, ఇంటింటికీ వెళ్లి, ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, యాభై అయిదు దాటినవారికి కంప్యూటర్ నేర్పుతున్నారు. ఆయన ఇసుక బకెట్టును నిదానంగా పరిశీలించి, “విద్యార్థిని చేపట్టిన ముందుజాగ్రత్త చర్యలు మిక్కిలి అభినందనీయం” అని ప్రకటించి, పాఠం మొదలుపెట్టారు.

విద్యార్థినిది ఏడో తరగతి చదువు. ముప్పయ్యేళ్లుగా బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. టకటకా దిగే సూది పక్కనే వేళ్లు పెట్టి, ఎటో చూస్తూ ఎదుటివారితో కబుర్లు చెప్పగలదు. అటువంటి మనిషి మౌస్‌ను మాత్రం, పొయ్యి మీది గిన్నెను దించుతున్నట్టు, కొంగుతో పట్టుకుంది.

ఇంత అవస్థ కూతురి కోసం. కూతురు రైల్లో ఒక పూట దూరంలో ఉన్న ఊళ్లో, నీటి సరఫరా కార్యాలయంలో, గొట్టాల పటాలు గీస్తుంది. రెండు నెలల కిందట ఒక మధ్యాహ్నం ఆ పిల్ల గంటన్నరసేపు ఫోను ఎత్తలేదు. గంటన్నర! బాధ్యత గల తల్లులందరూ ఏం చేస్తారో ఈమె కూడా అదే చేసింది. ఆ ఊరి ఆసుపత్రికి, పోలీసులకు, అగ్నిమాపక కేంద్రానికి ఫోన్లు కొట్టింది. మొదటి రెండు శాఖలూ పట్టించుకోలేదు. మూడోది కర్తవ్యం మరవలేదు. ఇద్దరు సిబ్బంది నిచ్చెనతో సహా పెద్ద అధికారుల మీటింగులోకి ప్రవేశించి, బతికే ఉన్నట్టు ఆ పిల్ల చేతనే సంతకం పెట్టించుకుని, సెలవు తీసుకున్నారు.

ఆ సాయంత్రం కూతురు ఫోను చేసింది. “ఆఫీసులో నాకు నిచ్చెన అని పేరు పెట్టారమ్మా. నీకు దణ్ణం పెడతా, ఇక ఫోను చెయ్యకు. ఏమైనా ఉంటే మెయిలు రాయి. చదివి జవాబిస్తా.”

అందుకే ఈ చదువు.

నిజం చెప్పాలంటే కంప్యూటర్‌తో ఆమెకు త్వరగానే పొత్తు కుదిరింది. మూడో పాఠంలో తెర మీద “మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉండవచ్చు” అని వచ్చింది. మొదటిరోజు నుంచీ ఆమె మొత్తుకుంటున్నది అదే. ఇన్నేళ్లలో ఆమెతో ఏకీభవించింది ఆ యంత్రమొక్కటే. ఇంకోసారి ఏదో చెరపబోతే, “నిజంగా చెరపమంటారా?” అని అడిగింది. తాళం వేశాక మూడుసార్లు వెనక్కొచ్చి లాగి చూసుకునే మనిషికి ఇంతకన్నా దగ్గరి చుట్టం ఎవరుంటారు?

అంతా సవ్యంగా సాగుతుండగా మాస్టారు ఒక ఉపన్యాసం చేశారు. “అమ్మా! ఉత్తరం డబ్బాలో వేశాక కూడా పోస్ట్‌మాన్‌ను బతిమాలుకోవచ్చు. ఈ ‘పంపు’ అనే మీట నొక్కిన తరువాత మాత్రం దేవుడు దిగొచ్చినా వెనక్కి తేలేడు. కనుక జాగ్రత్త!”

ఎవరితో ఏ మాట అనకూడదో ఇన్నేళ్ల బోధనానుభవం ఆయనకు నేర్పలేదు. జాగ్రత్త అన్నారు, ఆమె పడింది. రోజుకొక ఉత్తరం రాసింది. ఏదీ పంపలేదు. మొదటిదాంట్లో గ్యాసు కట్టేశావా అని అడిగింది. ఏడోదాంట్లో లిఫ్టు ఎక్కకు, ఆగిపోతుంది. మెట్లెక్కకు, జారతావు అని రాసింది. పంతొమ్మిదోదాంట్లో నీళ్లు మరిగించి తాగు, మీ ఆఫీసువే అని నమ్మకు అంది. ప్రతిదీ నాలుగుసార్లు చదువుకుని, పిల్ల ఏమనుకుంటుందోనని చిత్తుప్రతుల్లోనే దాచింది.

నెల దాటాక మాస్టారితో వాపోయింది. “చూశారా, ఒక్క జవాబు లేదు.”

మాస్టారు చిత్తుప్రతుల పెట్టె తెరిచి చూశారు. ముప్పై ఎనిమిది ఉత్తరాలు వరసగా కూర్చుని ఉన్నాయి. “మీరు పంపితే గదమ్మా!”

“పంపలేదే అనుకోండి. అమ్మ ఎందుకు రాయలేదూ అని అది అడగొద్దూ?”

ఈ ప్రశ్న పాఠ్యప్రణాళికలో లేదు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, “ధైర్యం చేయండి” అన్నారు.

“మీరు కుర్చీ గట్టిగా పట్టుకోండి. ఏమన్నా అయితే ఇద్దరం ఉంటాం.”

ముప్పై ఎనిమిదింటినీ వరస తప్పకుండా పంపింది. ముందు గ్యాసు కట్టేయకుండా మిగతావి చదివి ఏం లాభం? చిట్టచివరిది ఆ ఉదయమే రాసింది: “నాకేమీ కాలేదు. నువ్వేం కంగారుపడకు.” ఈ రెండు ముక్కలు చదివి కంగారుపడని కుటుంబం ఇంతవరకు ఎక్కడా నమోదు కాలేదు.

మాస్టారు వెళ్లగానే అసలు భయం పట్టుకుంది. ఆఫీసులో ఒక్కసారిగా ముప్పై ఎనిమిది! పిల్లకు ఇంకేం పేరు పెడతారో! తిట్లు ఖాయం. ప్లగ్గు పీకి, కంప్యూటర్ మీద దుప్పటి కప్పి, ఫోను ఆపేసి బొత్తాల డబ్బాలో దాచింది. ఇంటి యజమానులు ఊళ్లో లేరు. మాస్టారి నంబరు కూతురికి తెలియదు. రెండు రోజులు తలుపేసుకుని, పదకొండు చొక్కాలకు కాలర్లు తిరగేసి కుట్టింది.

మూడోనాటి ఉదయం తలుపు దబదబ మోగింది. గుమ్మంలో అగ్నిమాపక సిబ్బంది ఇద్దరు. వెంట నిచ్చెన.

“అమ్మగారూ, మీరు బతికే ఉన్నారా?”

“ఉన్నాననే అనుకుంటున్నా నాయనా! ఎక్కడ అంటుకుంది?”

“ఎక్కడా లేదమ్మా. మీ అమ్మాయిగారు ఫోను చేశారు. ఇక్కడో సంతకం పెట్టండి.”

అది అచ్చువేసిన ఫారం. అలాంటివన్నీ పుస్తకంలా కుట్టారు. సగం పైగా అయిపోయింది. ఆమె పేజీలు తిప్పుతుంటే రెండో అతను మర్యాదగా వివరించాడు. “ఈ నెల్లో మంటలు రెండేనమ్మా. ఫోను ఎత్తనివాళ్లు అరవై నలుగురు. నీళ్లబండి తేవడం మానేశాం. నిచ్చెన, కలం చాలు.”

తనలాంటి పిచ్చిది ఊరంతటికీ తానొక్కతేనని ఇన్నాళ్లూ లోలోపల సిగ్గుపడుతున్న ఆమెకు, ఆ పుస్తకంలో ఊరంతా కనిపించింది. బొత్తాల డబ్బా తెచ్చి, ఫోను తీసి, మీట నొక్కింది. చేతిలో ఉండగానే మోగింది.

“బతికున్నావా? రెండు రోజులమ్మా! ఫోను ఎత్తడానికి ఏం రోగం? ఇక్కడ మనిషి ప్రాణం ఎంత కొట్టుకుంటుందో తెలుసా నీకు?”

ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. అది తన గొంతే. ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో ఫారం మీద నిదానంగా సంతకం పెట్టింది. సిబ్బంది ఇద్దరూ కలం కోసం ఎదురుచూస్తూ నిచ్చెనకు ఆనుకున్నారు.

“అమ్మా? ఉన్నావా? మాట్లాడవేం?”

కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆమె చివరికి జవాబిచ్చింది.

“మీటింగులో ఉన్నానే. ఇక ఫోను చెయ్యకు. ఏమైనా ఉంటే మెయిలు రాయి, చదివి జవాబిస్తా. అది సరేగానీ, గ్యాసు కట్టేశావా?”