మూడో రేడియేటర్

ఆదివారం పొద్దున అందరూ కారులోనే మడికొండ పోవాలని ఓంకార్ అనుకున్నాడు. అక్కడ బావమరిది రమేశ్ గృహప్రవేశం. ఓంకార్‌ది మట్టెవాడలో చీరల దుకాణం. నలభై దాటిన మగవాడికి బుద్ధి రాకపోతే కారు వస్తుంది. పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొని, దాని ఇంజనుకు లేని బలం ఎక్కించాడు. ఆ బలానికి రేడియేటర్ తట్టుకోలేక మొన్న నడిరోడ్డు మీద ఆవిరి చిమ్మింది.

"ఆదివారం గిన దారిల ఆగిందనుకో, తెల్లారి అమ్ముడే," అన్నది భార్య విజయశ్రీ ఇడ్లీలు వడ్డిస్తూ.

"ఆగది. ఆగితే అమ్ముత. మా అవ్వ మీద ఒట్టు."

"నా మీదెందుకురా?" అన్నది తల్లి ఇందిరమ్మ. "నీ బండి మీదనే పెట్టుకో."

ఓంకార్ రేడియేటర్ కోసం పిల్లకు సంబంధం చూసినట్టు చూశాడు. దుకాణాన్ని గుమస్తాకు వదిలి ఫోన్లో వీడియోలు చూశాడు. రాగిదా, అల్యూమినియందా అన్నది తేలలేదు.

"రాగిది బరువన్నా," అన్నాడు మెకానిక్ మహిపాల్. "అల్యూమినియం జల్ది సల్లారుతది. రెండు వరుసల గొట్టాలున్నది ఎయ్."

వేయించాడు. బైపాసు మీద తిప్పితే వేడి సూది కదలలేదు.

ఇందిరమ్మ పుట్టిందీ మెట్టిందీ నేతపని ఇళ్లలో. మగ్గానికి కొత్త సామాను ఏది బిగించినా పసుపు బట్ట కట్టందే నడపనివ్వరు. మగ్గాలు పోయాయి గానీ బట్ట పోలేదు. ఆమె దస్తీ అంత గుడ్డ పసుపులో ముంచి, కారు మూతికున్న జాలీకి, సరిగ్గా రేడియేటర్‌కు ఎదురుగా కట్టింది. ఓంకార్ కొబ్బరికాయ కొట్టాడు.

మర్నాడు సుబేదారి చేరేసరికి సూది ఎర్రగీత ఎక్కింది.

మహిపాల్ బట్టను కళ్లకద్దుకుని విప్పి, సీటు మీద పెట్టి, బండి తిప్పి చూశాడు. చల్లగా ఉంది. "షెడ్డుల మంచిగనే ఉంటాంది, ఇంటికి పోతే ఉడుకుతాంది. మూడు వరుసలది ఎయ్యాలె అన్నా."

మూడు వరుసలది ఫ్యానుకు తగిలింది. ఫ్యాను మార్చారు. పెద్ద సామానుకు చిన్న బట్ట నప్పదని ఇందిరమ్మ ఈసారి తువ్వాల కట్టింది. బండి పోచమ్మ మైదాన్ కూడా దాటలేదు.

మూడో రేడియేటర్ ఇటుకంత మందం. దాన్ని ఇరికించడానికి బంపర్ కోశారు. బ్యాటరీ డిక్కీలోకి పోయింది. స్టెపినీ ఇంట్లో మంచం కిందికి పోయింది.

"ఇగ మే నెలల రామగుండం పోయినా ఉడకది," అన్నాడు మహిపాల్.

ఇందిరమ్మ పాత చీర సగానికి చింపింది.

ఆదివారం కాజీపేటలో కారు పొగలు కక్కింది. ఓంకార్ దిగి, కాసేపు ఆగి రేడియేటర్ మూత పట్టుకుంటే చేయి చుర్రుమంది. పసుపు బట్ట విప్పి మూతకు చుట్టి తిప్పాడు, నీళ్లు పోశాడు. బట్ట తడిసి ముద్దయితే డిక్కీలో పడేశాడు. అక్కడి నుంచి మడికొండ దాకా సూది సగం కూడా ఎక్కలేదు.

రేడియేటర్‌కు గాలి ఆడనివ్వనిది ఆ బట్టేనని ఓంకార్‌కు అప్పుడు తెలిసింది. అద్దంలో చూశాడు. వెనక ఇరుకు సీట్లో తల్లి కిటికీ లోంచి బయటికి చూస్తోంది.

"ఏంది బావా, కాజీపేటల పొగ వెట్టినవట?" అన్నాడు రమేశ్ బంతిలో వడ్డిస్తూ. చుట్టాలు నవ్వారు.

"అయిపాయె. రేపు అమ్ముడే," అన్నది విజయశ్రీ.

ఓంకార్ నోరు తెరిచాడు. ఒక్క మాటతో కారు దక్కుతుంది. ఎదురుగా తల్లి విస్తరి ముందు కూర్చుని పులిహోర తింటోంది.

"రేడియేటర్ ఖరాబు," అన్నాడు.

"మూడూనా?" అన్నాడు రమేశ్.

"మూడు."

చేతులు కడిగే చోట ఇందిరమ్మ కొడుకు పక్కన చేరింది. "బట్ట సంగతి చెప్తవేమోనని బుగులైంది బిడ్డా."

"నీకెర్కేనా?"

"సుబేదారిల ఆగిన్నాడే ఎర్క. నీ మూడోది జర మంచిదేరా, సగం చీర కట్టినా కాజీపేట దాక గుంజింది."

"మరి ఎందుకు కట్టినవే అవ్వా?"

"నువ్వు తొక్కే తొక్కుడుకు నాకు నిద్ర వడ్తలేదు. ఉడికిన బండి ఉరకది గద."

సోమవారం బేరగాడు వచ్చాడు. రేడియేటర్ సరికొత్తదని వాదించి, ధర రూపాయి కూడా దిగనివ్వనిది ఇందిరమ్మే.