ఏడవ గడిలోని చుక్కపై పిన్ని దండయాత్ర

నల్లని నేలపై పచ్చని యక్షరములు మొలకెత్తునదియు, నిలువున నిరువదినాలుగు వరుసలును అడ్డముగా నెనుబది గళ్లును మాత్రమే వైశాల్యముగా గలదియు, మౌసు ముఖమెరుగనిదియు నైన పురాతన తెరసామ్రాజ్యమునకు జయమగుగాక! సోమవారము, పదకొండు గంటల పది నిమిషములను మహోగ్రముహూర్తమున, కళ్లజోళ్లు తయారుచేయు నొకానొక కార్ఖానా రెండవ యంతస్తున, ఒక కాలు కుంటిదైన కుర్చీపై, సకలరికార్డువిన్యాసవిశారదయు, పూర్ణవిరామలోపసంహారిణియు నగు ప్రోగ్రామరు పిన్ని కొలువుదీరి యుండెను. ఆమె యసలు పేరు హాజరు పుస్తకమునకు తప్ప నెవ్వరికిని తెలియదు. కార్యాలయమంతటికిని ఆమె పిన్నియే.

ఆమెకు వచ్చిన యాపద యెట్టిదనగా: పదునెనిమిదేండ్ల క్రిందట ఆమె స్వహస్తములతో నిర్మించిన తెరపై రెండు రికార్డులు కలసి కాపురముండెడివి. పైన గిరాకి పేరు, క్రింద ఆ మనిషి యద్దాల పవరు. పోయిన శుక్రవారమునుండి క్రింది రికార్డు తెరపై కాలుమోపినంతనే పైదానిని తుడిచివేయుచుండెను. పవరు మిగిలెను, పేరు పోయెను. ఎవరి జోడు ఎవరిదో తెలియక కౌంటరు గుమాస్తా యొక బామ్మగారి జోడును ఒక డ్రైవరుగారి చేతబెట్టెను. ఆయన యది ధరించి, గోడను పలకరించి, వాకిలి యనుకొని బీరువా తెరచెను.

"రెండింటిదాకా చూస్తాను పిన్నిగారూ," అనెను మేనేజరు. "కాకపోతే ఈ పాతది తీసేసి కొత్తది తెప్పిస్తాను. మీమీద కోపం కాదు. జనం నా పీకమీద కూర్చుంటున్నారు."

ఆ మాట పిన్ని గుండెలో గునపమై దిగెను. ఆ తెర ఆమెకు కన్నబిడ్డ. దానిని పీకి పారవేయుచుండగా ప్రక్కన నిలిచి చూచుట ఆమె తరము కాదు. అంత నామె దిగ్గున లేచి, చూపుడువ్రేలు సాచి, యిట్లు గర్జించెను:

"ఓరి కృతఘ్నుడా, క్రింది రికార్డా! పన్నెండవ వరుస మొదలుకొని నీకు నివాసమిచ్చితిని. పైవానిని తుడవక ఒదిగి యుండుమని యొక యాజ్ఞావాక్యమును సైతము లిఖించితిని. ఉన్నచోట నుండక పొరుగువానిని వెళ్లగొట్టు దుర్బుద్ధి నీకెచట నుండి వచ్చెను?"

"ఎవరితో పిన్నీ?" అని అడిగెను ప్రక్కబల్ల గుమాస్తా.

"తెరతో."

"సరే, కానివ్వు. నాతోనేమో అనుకున్నాను."

అంతట నాలుగువందల పన్నెండు వరుసల ప్రోగ్రామారణ్యమున పిన్ని ప్రవేశించి, ఒక్కొక్క వరుసను గద్దించి విచారించుచు పోవగా, రెండువందల మూడవదియై, చెక్కుచెదరక నిలిచియుండెను ఆ యాజ్ఞావాక్యము. కాని దాని యేడవ గడిలో ఒక చుక్క. ఆ భాషాధర్మమున ఏడవ గడిలో చుక్క పడిన వరుసను యంత్రము చదువదు. అది మనుష్యులు వ్రాసికొన్న గమనిక యనుకొని దాటిపోవును. వరుస చివర, చుక్క పెట్టినవారి గురుతు. అది పిన్నిదే. పోయిన శుక్రవారము ఏదో పరీక్షకై ఆ వరుసను తాత్కాలికముగా నిద్రపుచ్చి, టీ రాగా లేచి వెళ్లి, మేల్కొలుపుట మరచెను. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెదకినట్లయ్యెను.

ఒక్క మీటతో చుక్క నేలగూలెను. అయినను యుద్ధము ముగియలేదు. పాత తెరను ఒక్కరు తెరచియున్నను దాని స్థానమున సరిదిద్దినది ప్రతిష్ఠింప వీలులేదు. అందరును మూసిరి, క్రింది యంతస్తున అద్దములు సానబట్టు మేస్త్రి మాత్రము మూయలేదు. ఫోను మ్రోగినను ఎత్తలేదు. పిన్ని ముప్పదియారు మెట్లను ఝంఝామారుతవేగమున దిగెను. అప్పటికి ఒకటీ ముప్పావు.

"మేస్త్రీ, ఆ తెర మూసెయ్యి."

"ఉండు పిన్నీ, ఈ జోడు కొలతలు అందులోనే చూస్తున్నా. మధ్యలో ఆపితే అద్దం మీద గీత పడుతుంది."

"ఎంతసేపు?"

"అయిపోయినప్పుడు అవుతుంది. అదిగో స్టూలు, కూర్చో."

పర్వతములను పిండిచేయుట సులభము. స్టూలుపై తొమ్మిది నిమిషములు మాటాడక కూర్చుండుట దుష్కరము. పిన్ని కూర్చుండెను. మేస్త్రి అద్దమును వెలుగుకెత్తి చూచి, తృప్తిపడి, తడిచేతితో ముట్టరాదని మోచేతితో మీట నొక్కెను. తెర మూసుకొనెను.

రెండింటికి రెండు నిమిషములుండగా సరిదిద్దిన తెర వెలిసెను. పైన పేరు, క్రింద పవరు, ఒకదాని జోలికొకటి పోక నిలిచెను. పిన్ని కన్నులు చెమర్చెను.

"ఏం చేశారు?" అనెను మేనేజరు.

"ఒక చుక్క తీసేశాను."

"పొద్దుట్నుంచీ అంతేనా?"

"అంతే."

"ఎవరు పెట్టారు దాన్ని?"

ఎన్నడు నెవ్వరికిని బెదరని యా వీరాంగన కుంటికుర్చీని ముందుకు జరుపుకొనెను. అబద్ధమాడినను పట్టుకొనగలవారు ఆ భవనమున లేరు.

"నేనే."

మేనేజరు తెరపై పేరును, దాని క్రింది పవరును చదివి చూచెను.

"కొత్తది తెప్పిస్తే అందులో తప్పొచ్చినప్పుడు ఎవరినడగాలో కూడా నాకు తెలీదు," అనెను. "దీన్నే ఉండనివ్వండి పిన్నిగారూ."

ఇట్లు, మూడు గంటల భీకరసమరానంతరము, ఏడవ గడి ఖాళీ యయ్యెను. చుక్క యొకటి నిహతము. సర్వజనులకును విదితమగుగాక! పిన్ని చేతులు కడుగుకొని, చల్లారిన యన్నము డబ్బా మూత తీసెను.