పన్నెండు ఆపిల్ పైలు, ఒక విజిటర్

నా భార్య ఆర్లిస్ ఈ దేశంలో విజిటర్‌గానే చనిపోయింది. ఇందులో వాదించడానికేమీ లేదు. కాగితం మీద ఉంది.

మంత్రి డార్సీ ప్రిట్‌చర్డ్ గారి తప్పు మాత్రం ఇందులో ఏమీ లేదు. సస్కాచెవాన్‌లో మా ఊరిలాంటి ఊరికి, అదీ డిసెంబరులో, ఆయన స్వయంగా వచ్చారు. మంచుగడ్డ మీద రాళ్ళు జార్చి ఆడే కర్లింగ్ ఆట హాల్లో, ఆ మంచు మీద కార్పెట్ వేయించి, దాని మీద నిలబడి ప్రకటించారు.

"కెనడాలో భార్యాభర్తల మధ్య సరిహద్దు ఉండదు! శాశ్వత నివాసం ఫైలు నడుస్తుండగానే భార్య విజిటర్‌గా వచ్చి భర్త దగ్గర ఉండొచ్చు!"

చప్పట్లు కొట్టాం. చేతులకు గ్లౌజులుండటంతో శబ్దం రాలేదు. మంత్రిగారు వినపడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పారు.

ఆర్లిస్‌ది సరిహద్దు అవతల, అమెరికాలోని నార్త్ డకోటా. మా పొలం నుంచి గంటన్నర ప్రయాణం. పెళ్ళినాటికి ఆమెకు అరవై ఒకటి, నాకు అరవై నాలుగు. మాకు ఎన్నేళ్ళు మిగిలాయో మాకు తెలియదు. ఫైలుకు ఎన్నేళ్ళు పడుతుందో మంత్రిగారి ఆఫీసుకు తెలియదు. ప్రభుత్వానికీ ప్రజలకూ అంత దగ్గరి పోలిక నేను మరెక్కడా చూడలేదు.

ఆ ఆఫీసులో అమ్మాయి ఫోన్‌లో ఓపికగా చెప్పింది. "రెండు ఫైళ్ళు పెట్టుకోండి సార్. పచ్చదాంట్లో ఆవిడ ఇక్కడే ఉండిపోతారని రుజువులు. నీలందాంట్లో తిరిగి వెళ్ళిపోతారని రుజువులు. రెండూ నిజమై ఉండాలి."

పచ్చ ఫైలులో పెళ్ళి ఫోటోలు, నా వీలునామా, మా కుక్క ఆమె ఒళ్ళో నిద్రపోతున్న ఫోటో పెట్టాం. నీలం ఫైలులో, గది సిద్ధంగా ఉంచానని ఆమె చెల్లెలు రాసిన ఉత్తరం, జులైలో అక్కడి పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంటు పెట్టాం.

జనవరిలో నేనే వెళ్ళి ఆమెను కారులో ఎక్కించుకొచ్చాను. సరిహద్దు దగ్గర ఆఫీసర్ బెలాంజే.

"ఎందుకొస్తున్నారు మేడమ్?"

"మా ఆయన దగ్గర ఉండటానికి."

"ఎన్నాళ్ళు?"

"ఇద్దర్లో ఒకరు పోయేదాకా."

"విజిటర్లు అలా అనకూడదు మేడమ్. తేదీ చెప్పాలి."

"ఎవరు పోయే తేదీ?"

నేను ఆమె కాలు తొక్కాను. "జూన్ ముప్పై," అంది.

ఆఫీసర్ రెండు ఫైళ్ళూ శ్రద్ధగా చదివాడు. "చాలా బాగున్నాయి. ఉండిపోతారని నమ్ముతున్నాను. వెళ్ళిపోతారనీ నమ్ముతున్నాను." ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. నియమం ప్రకారం హ్యాండ్‌బ్యాగ్ కూడా చూశాడు.

అందులో మా చర్చి కాగితం ఉంది. అక్టోబరులో జరిగే టర్కీ కోడి విందుకు ఎవరు ఏం వండాలో మా దగ్గర జనవరి మొదటి ఆదివారమే రాసేస్తారు. ఆమె పేరు అచ్చులో చూసి మురిసిపోయి ఆ కాగితం నేనే ఇచ్చాను. ఆర్లిస్: ఆపిల్ పైలు, పన్నెండు. పై అంటే మైదా పొరలో ఆపిల్ ముక్కలు కూరి కాల్చే తీపి వంట.

"జూన్‌లో వెళ్ళిపోయే మనిషి అక్టోబరులో పైలు ఎలా చేస్తారు?"

"జూన్‌లోనే చేసి ఫ్రీజర్‌లో పెడతా."

"పన్నెండా?"

"ముప్పై చేసిన రోజులున్నాయి నాయనా."

ఆఫీసర్ బెలాంజే ముద్ర పక్కన పెట్టేశాడు. 'స్థిరపడే ఉద్దేశం కనిపిస్తోంది' అని రాసి వెనక్కి పంపేశాడు.

మా చర్చిలో ఆ విందు జాబితా రాసేది వెర్నా. పేరు తీసేయమని అడిగాను.

"కుదరదు ఓరెస్ట్. నలభై ఏళ్ళుగా రాస్తున్నా. పేరు ఎక్కిందంటే మనిషి పోతేనే తీస్తాం."

"నా పెళ్ళాం సరిహద్దు అవతల ఉంది వెర్నా."

"ఎడ్నాకి తుంటి విరిగితే తీశామా? కూర్చుని ఆపిల్ తొక్కలు తీసింది. సరిహద్దు ఒక లెక్కా?"

"పోనీ, పక్కన తాత్కాలికం అని రాయి."

"ఆపిల్ పై పక్కనా? సిగ్గులేదూ నీకు?"

వారం తిరిగాక రాసింది. పెన్సిల్‌తో. ఆ కాగితం చూపించాక ఆర్లిస్‌ను జూన్ ముప్పై దాకా రానిచ్చారు.

"చూశావా, నీ దేశంలోకి పెన్సిల్ పట్టుకుని వచ్చా," అంది.

మే తొమ్మిదిన, ఫ్రీజర్‌లో పెట్టే పైల కోసం పిండి కలుపుతూ కుర్చీలో కూర్చుంది. మళ్ళీ లేవలేదు. చర్చి వెనక సమాధుల్లో, మూడో వరుసలో చోటిచ్చారు. వెర్నా రబ్బరు తెచ్చి తాత్కాలికం అన్న మాట తుడిచింది. తర్వాత పేరు కొట్టేసింది.

జులైలో ఆర్లిస్ పేరుమీద ఉత్తరం వచ్చింది. 'మీ గడువు ముగిసినది. మీరు దేశం విడిచినట్లు రికార్డు లేదు. ఎక్కడ ఉన్నారో, ఎప్పుడు వెళ్తారో తెలుపగలరు.'

జవాబు రాశాను. 'చర్చి వెనక, మూడో వరుస. ఇక వెళ్ళదు. భర్త, ఓరెస్ట్.'

అక్టోబరు విందుకు మంత్రిగారు ఫోటోగ్రాఫర్‌తో దయచేశారు.

"మన పథకానికి మొదటి విజయం ఈ ఊరిదే! ఆవిడ ఇక ఎక్కడికీ వెళ్ళదని భర్త స్వయంగా రాసిచ్చారు. చిరునామా సరైనదేనని మా అధికారులు తేల్చారు. ఇంత గట్టి నిర్ణయం నేను ఏ ఫైలులోనూ చూడలేదు!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఈసారి గ్లౌజులు కూడా లేవు.

మంత్రిగారు శాశ్వత నివాసం కార్డు నా చేతిలో పెట్టారు. "మేడమ్ ఎక్కడ?"

"చర్చి వెనక."

"పనిలో ఉన్నారా? పాపం, పిలవకండి. కార్డు ఐదేళ్ళే, రెన్యూ చేయించుకోమనండి. ఇంతకీ ఆవిడ ఆపిల్ పై ఏది?"

వెర్నా ఆయన ముందు ఖాళీ ప్లేటు పెట్టింది. ఫోటో తీసేదాకా మంత్రిగారు దాని మీదికి వంగి నవ్వారు.

కార్డు ఇంటికి తెచ్చి, వెళ్ళిపోతుందని రుజువులున్న నీలం ఫైలులో పెట్టాను. ఈ సంగతి ఇక ఎవరడిగినా నేను మాట్లాడను.