ఏమీ నంజుకోని దొర

పొగమంచు చూడటానికి సోమయాజులును ఎస్టేటు వాళ్ళు ఉద్యోగంలో పెట్టుకోలేదు. కొరాపుట్‌లో తమ అతిథి బంగళాకు గుమాస్తాగా పెట్టుకున్నారు. అయినా పదకొండేళ్ళుగా అతను పొద్దున్నే సంధ్య వార్చుకుని, బంగళా వరండాలో పేము కుర్చీలో కూర్చుని, కొండవాలు మీది వలిసెపూల పసుపు మంచులోంచి మెల్లగా తేలి రావడం చూస్తూనే ఉన్నాడు. ఆ కార్తీకమాసపు ఉదయం కూడా అదే చేద్దామనుకున్నాడు.

కాఫీ సగంలో ఉండగా మేనేజరు లక్ష్మీనరసింహం పంతులుగారి చీటీ వచ్చింది. నదులు సర్వే చేసే దొర రాయగడలో రైలు దిగి సాయంత్రానికి మోటారులో వస్తున్నాడు. పొద్దుగూకే వేళ ఒక్కడూ కూర్చుని వైను తాగడం ఆయనకు అలవాటు. పక్కన ఏమీ నంజుకోడు. బీరువాలోని సీసాల్లో అలా ఒట్టిగా తాగడానికి పనికివచ్చేది ఎంచి సిద్ధం చేయవలెను. దొర సంతోషించనిచో లమ్తపుట్ క్యాంపులో గుమాస్తా పని ఖాళీగా ఉన్నది.

లమ్తపుట్ పేరు చదవగానే సోమయాజులుకు చలిజ్వరం వచ్చినంత పనయింది. అక్కడికి వెళ్ళిన ఇద్దరు గుమాస్తాలూ మలేరియాతో పాలిపోయి తిరిగివచ్చారు. పైగా అక్కడ వరండా లేదు.

బీరువాలో నాలుగు సీసాలున్నాయి. వాటి మీది కాగితాలు ఎప్పుడో పురుగులు తినేశాయి. వైను రుచి అతని వంశంలో ఎవరికీ తెలియదు. చేత్తో తాకితే మళ్ళీ స్నానం చేయాలని, వంటింటి పట్టకారుతో ఒక్కొక్క సీసానూ పట్టి వెలుగుకేసి ఎత్తాడు. ఎర్రటి సీసాలోంచి మంచు గులాబీరంగులో కనిపించింది. కొండలు నీళ్ళలో కదులుతున్నట్టున్నాయి. తోడేమీ లేకుండా ఒక రుచి ఒంటరిగా నిలబడాలంటే ఎలా ఉండాలా అని ఆలోచిస్తూ అలాగే నిలబడిపోయాడు. ఆ పరవశంలో ఎంతసేపు గడిచిందో అతనికి తెలియలేదు. పూజకు పూలు కోసుకుంటున్న పక్కింటి లక్ష్మీకాంతమ్మకు మాత్రం బాగా తెలుసు.

చివరికి కాపలాదారు గంగయ్యను పిలిచాడు.

"ఏమైనా తిన్నావా?"

"నేదు బాబూ. గంజి తాగుదారని ఎల్తన్నాను."

"తాగకు. ఒట్టి కడుపుతో వీటి రుచి చూసి చెప్పు. ఏమీ నంజుకోకూడదు."

గంగయ్య తలపాగా విప్పి పక్కన పెట్టి, భక్తిగా మొదటి సీసా అందుకున్నాడు.

"వగరు బాబూ. ఏటమాంసం ముక్కుంటే గానీ దిగదు."

రెండోది చూశాడు. "పులుపు. సేప ఏపుడుండాల."

మూడోది చూసి మొహం ముడుచుకున్నాడు. "దీనికి ఏటున్నా దిగదు."

నాలుగోది గుక్క వేసి మూతి తుడుచుకున్నాడు. కొండలకేసి చూశాడు.

"బాబూ, దీనికేటీ అక్కర్నేదు. సల్లగా దిగతంది. మా ఊరు అగుపడతంది."

సోమయాజులుకు ప్రాణం లేచివచ్చింది. "ఒక గుక్కతో తేల్చకు. దొర గంటసేపు కూర్చుంటాడు. నువ్వూ అలాగే తీరుబడిగా కూర్చుని తాగు. మధ్యలో పకోడీలో మరోటో కావాలనిపిస్తే నాతో చెప్పు." ఎంత తాగాలో చెప్పడం మాత్రం మరిచిపోయాడు. వంటవాడికి వేపుళ్ళేవీ వద్దని చెప్పడానికి పెరట్లోకి వెళ్ళాడు.

అక్కడ భార్య శ్యామలాంబ ఎదురైంది. చంకలో పెద్ద జాడీ ఉంది.

"ఒంట్లో నలతగా ఉంటే నాతో చెప్పకూడదా? మా నాన్నగారు బిస్సమ్ కటక్ నుంచి పంపిన ద్రాక్షాసవం ఇంట్లోనే ఉంది కదా. దొరల సీసాలు పట్టుకోవలసిన ఖర్మేమిటండీ?"

"నేను తాగలేదే."

"లక్ష్మీకాంతమ్మగారు చూశారు. నాలుగు సీసాలట."

"పట్టకారుతో పట్టుకున్నాను. తాగేవాడు పట్టకారుతో పట్టుకుంటాడా?"

"ఆవిడా అదే అన్నారు. ఇంత ముదిరినవాణ్ణి ఎక్కడా చూడలేదట."

ఆమెను నమ్మించేసరికి పొద్దు వాలింది. ఇద్దరూ వరండాలోకి వచ్చేసరికి గంగయ్య స్తంభానికి ఆనుకుని, కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు. నాలుగో సీసా అడుగు కనిపిస్తోంది.

"పకోడీ అక్కర్నేకపోయింది బాబూ," అని నిద్రపోయాడు.

మలుపు దగ్గర మోటారు హారను వినిపించింది. సోమయాజులు పేము కుర్చీని చూశాడు, కొండవాలును చూశాడు. పసుపు మీదికి మళ్ళీ మంచు దిగుతోంది. పదకొండేళ్ళ ఉదయాలు తలుచుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిగిలినవి వగరుదీ, పులుపుదీ, ఏమున్నా దిగనిదీ. అతను శ్యామలాంబ చంకలోని జాడీ తీసుకున్నాడు.

భోజనం తరవాత రెండు చెంచాలు, సమానంగా నీళ్ళతో తాగాలన్నది మామగారి ఆజ్ఞ. ఒట్టి కడుపున గ్లాసుడు, నీళ్ళు లేకుండా, దొర చేతికి వెళ్ళింది. గంగయ్యను అప్పటికే పెరట్లోకి ఈడ్పించిన సోమయాజులు తలుపు వెనక నిలబడి తెలిసిన దేవుళ్ళనందరినీ తలుచుకున్నాడు.

దొర ఒక గుక్క తాగి మంచుకేసి చూశాడు. ఇంకో గుక్క తాగి టోపీ తీసేశాడు. ఏలకుల వాసన, తేనె వాసన వరండా అంతా పరుచుకుంది. కొండలు ఒక్కొక్కటే మాయమైపోయాయి. తలుపుకు అటూ ఇటూ ఉన్న ఇద్దరూ ఒకే మంచును చూస్తూ, ఎవరి భయం ఎవరి అలసట వాళ్ళు మరిచిపోయి, చీకటి పడేదాకా అలాగే ఉండిపోయారు. అంత చక్కటి సాయంత్రం ఆ బంగళా ఎరగదు.

అప్పుడు దొర లేచి తనకు ఆకలి వేస్తోందన్నాడు. అడవి జ్వరాలు పడి ఆరేళ్ళుగా ఆకలన్నది ఎరగడట. ఏమీ నంజుకోకపోవడానికి కారణం అదేనట. వంటవాడు రెండుసార్లు పొయ్యి వెలిగించవలసి వచ్చింది. ఇది ఎక్కడిదని దొర అడిగితే, అబద్ధం చేతకాక సోమయాజులు జాడీని చూపించాడు.

మర్నాడు కాఫీ సగంలో ఉండగా పంతులుగారి చీటీ మళ్ళీ వచ్చింది. దొర పరమ సంతుష్టుడైనాడు. ఇలాంటి గుమాస్తాను విడిచి ఉండలేనని, సర్వే ముగిసే మూడేళ్ళూ తన వెంట కావాలని కోరినాడు. దొర మకాం లమ్తపుట్ క్యాంపులో కావున సోమయాజులు సకుటుంబంగా వెంట వెళ్ళవలెను. అభినందనలు.

బండిలో మెత్తగా గడ్డి పరిచి, శ్యామలాంబనూ జాడీనీ ఎక్కించారు. చోటు చాలక సోమయాజులు వెనక నడిచాడు.