ఆనందరాజ్ ఏడ్చిన ఉదయం

ఆ పొద్దున ఆనందరాజ్ విరుదునగర్‌లో బస్సెక్కింది అన్నతో తెగతెంపులు చేసుకోవడానికే. కోవిల్‌పట్టిలో అన్న రామకృష్ణన్ గృహప్రవేశం నాడు తనను రెండో పంక్తిలో కూర్చోబెట్టాడని అలిగి, మాటలు మానేసి ఏళ్ళవుతోంది. ఇప్పుడు అన్న కూతురు యువరాణి పెళ్ళి. పెళ్ళికి మేం రావట్లేదని మొహం మీదే చెప్పేసి, మధ్యాహ్నానికల్లా తన మిరపకాయల మండీకి తిరిగొచ్చేయాలని అతని ఆలోచన. చెప్పాల్సిన మాటలు దారిలో సాత్తూరు దాటేదాకా వల్లెవేసుకున్నాడు.

వెళ్ళేసరికి అన్న టిఫిన్ చేస్తున్నాడు. వదిన రంగమ్మాళ్ ఏమీ అడగకుండా అతనికీ ఆకు వేసింది. తిట్టడానికి వచ్చినా వేసిన ఆకు వదిలి లేవడం మర్యాద కాదు కదా అని కూర్చున్నాడు. ఇడ్లీ ముక్కను ఎర్రచట్నీలో ముంచి నోట్లో పెట్టుకుని, "అన్నా, ఇంగ మన మధ్య..." అన్నాడు. నాలుక భగ్గుమంది. కళ్ళూ ముక్కూ ధారకట్టాయి. మిగతా మాటలు ఎక్కిళ్ళలో కొట్టుకుపోయాయి.

తలెత్తి చూస్తే అన్న చెంపల మీదా ధారలే. ఆనందరాజ్‌కు మనసు కలుక్కుమంది. రామకృష్ణన్ తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు.

పక్కింటి సుడలైమాడన్ సరిగ్గా అప్పుడే కిటికీలోంచి చూశాడు. ఆనందరాజ్ ఎర్రబడ్డ మొహం, కారుతున్న చెమట, రొమ్ము మీద రెండో చెయ్యి. గుండెపోటే అనుకుని ఆనందరాజ్ భార్య మారిసెల్వికి ఫోన్ చేశాడు. ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న మారిసెల్వి దొరికిన బస్సులో వచ్చి, రంగమ్మాళ్‌ను వాటేసుకుని భోరుమంది.

అప్పటికి ఆమె మొగుడు ఇంకా ఆకు ముందే కాళ్ళు చాపుకుని హాయిగా నవ్వుతున్నాడు. పెళ్ళిలో వంటల పెత్తనం కూడా ఒప్పేసుకున్నాడు. నర్సింగ్ చదివే యువరాణికి నవ్వాగలేదు.

"నాలుక కాలిందనుకుని మెదడే నొప్పి తగ్గించే మందు వదులుతుంది చిన్నాయనా. ఆ హాయి దానిదే."

ఆనందరాజ్ నవ్వు ఆగింది. ఈ మంచితనమంతా చట్నీదైతే, అది దిగిపోయాక తన గతేమిటి? దాచుకోలేకపోయాడు.

"నేను ఏడ్వలేదు అన్నా. కారం."

రామకృష్ణన్ తన ఆకులో మిగిలిన చట్నీని వేలితో పక్కకు నెట్టాడు.

"నాదీ అదేరా."

మారిసెల్వి కొంగు దించి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. లేచి వెళ్ళిపోవడానికి ఆనందరాజ్‌కు ఇక అడ్డేమీ లేదు. అతను ఆకు ముందుకు జరుపుకున్నాడు.

"ఇంకో రెండు ఇడ్లీలు వెయ్యి వదినా. చట్నీ కూడా."

రంగమ్మాళ్ వడ్డించింది. పొద్దుట్నుంచీ ఆ చట్నీ రుచైనా చూడని ఆమె కళ్ళెందుకు తడిశాయో మాత్రం ఎవరూ అడగలేదు.