థార్న్‌బెక్ బడి తనిఖీలో నెగ్గిన వైనం

మా థార్న్‌బెక్ ప్రాథమిక పాఠశాలకు ఈ ఏటి తనిఖీలో ‘అత్యుత్తమం’ అనే శ్రేణి లభించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నిజానికి లభించింది బడికి కాదు, బడి ఆవరణలో తీస్తున్న పిల్లల టీవీ హాస్య ధారావాహికకు. అంత చిన్న తేడాను పట్టించుకునే సంకుచితులం కాము మేము.

కారుతున్న కప్పు బాగుచేయించడానికి ప్రధానోపాధ్యాయిని మిసెస్ ఓలెరన్‌షా సగం భవనాన్ని టీవీ వాళ్లకు అద్దెకిచ్చారు. వాళ్లు తమ సగానికి రంగులు వేసి, అట్టతో పుస్తకాలు చేసి, గుమ్మానికి పెద్ద బోర్డు తగిలించారు. రెండో సగంలో అసలు పిల్లలు వానకోట్లు తొడుక్కుని లెక్కలు నేర్చుకుంటున్నారు. ఈసారి తనిఖీలో తప్పితే బడి మూసేస్తామని పైవాళ్లు చెప్పారు. పాపం ఆవిడకు అన్నీ ఆ బడే.

తనిఖీ అధికారి మిస్టర్ థ్రోప్ సహజంగానే పెద్ద బోర్డున్న గుమ్మంలోకి వెళ్లారు. అక్కడ హెడ్‌మాస్టర్ వేషంలో ఉన్న డెస్మండ్ ప్రాథరో అనే నటుడు నిచ్చెన మీంచి కస్టర్డ్ తొట్టిలో పడ్డాడు. ‘గురుత్వాకర్షణను స్వయంగా చేసి చూపారు’ అని అధికారి రాసుకున్నారు. తరగతిలోకి మేక వచ్చింది. జీవశాస్త్రానికి పూర్తి మార్కులు పడ్డాయి. దర్శకుడు చెయ్యి ఊపగానే పిల్లలంతా ఒక్క గొంతుతో జవాబు చెప్పారు. బాగాలేదని దర్శకుడు అంటే అదే జవాబును ఇంకా ఉత్సాహంగా చెప్పారు. అధికారి కళ్లు చెమర్చాయి.

ఆయన పొరబడ్డారని అక్కడ అందరికీ తెలుసు. కాని మా వైపు పెద్దమనిషి తప్పును మొహం మీద చెప్పడం మర్యాద కాదు. కెమెరా మనిషి ఆయనకు దారి వదిలి పక్కకు జరిగాడు. సంగతి తెలిసి మిసెస్ ఓలెరన్‌షా పరుగెత్తుకొచ్చారు.

“ఏవండీ, ఒక్క మాట. అసలు మా బడి...”

“అద్భుతమండీ!”

“థాంక్సండీ. కాని నేను చెప్పొచ్చేదేంటంటే...”

“చెప్పండమ్మా.”

“ఇవాళ వాన తగ్గేలా లేదు. టీ తాగుతారా?”

టీ తాగాక ఆయన అసలు బడి వైపు తొంగిచూశారు. వానకోటులోంచి ఒక పిల్ల చెయ్యెత్తి, “సార్, సున్నాతో ఎందుకు భాగించకూడదు?” అంది. ఆ పిల్ల మా అమ్మాయి టిల్లీ.

అధికారి పగలబడి నవ్వారు. “టీవీ వాళ్ల సెట్టు ఇదన్నమాట! ఎవరు వేశారోగాని బొత్తిగా నమ్మేలా లేదమ్మా! చెప్పకుండానే పిల్లలు ప్రశ్నలడుగుతారా ఎక్కడైనా? ముందు దీన్ని పీకించెయ్యండి.”

పీకించేశారు. బల్లలతోపాటు మిసెస్ ఓలెరన్‌షా కూడా సెట్టు సామాను కింద బయటికి పోయారు. ప్రాథరో గారు హెడ్‌మాస్టరయ్యారు. “నాకు అర్హత లేదని గిట్టనివాళ్లు అంటున్నారు. అయ్యా, నేను ఇన్నేళ్లుగా హెడ్‌మాస్టర్‌గా పడుతున్నాను! లేస్తున్నాను!” అని ఆయన సభలో గర్జిస్తే చప్పట్లు మోగిపోయాయి. వెనక వరుసలో ఆవిడ ఏడవడం చూసి నాకు సిగ్గేసింది. చప్పట్లు మాత్రం ఆపలేదు.

టిల్లీ కొత్త బడిలో ఒకే ఒక్కసారి ప్రశ్న అడిగింది. దర్శకుడు “కట్” అన్నాడు. ఇప్పుడు ఇంట్లో కూడా ఏమీ అడగదు. చెయ్యి ఊపితే నవ్వుతుంది, మళ్లీ ఊపితే ఆపుతుంది. ఇంత బుద్ధిమంతురాలిని ఎలా పెంచారని ఇరుగుపొరుగు అసూయపడుతున్నారు.

ఇలాంటి బడి మీ ఊళ్లో ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే మాత్రం, అందులో సీటు కోసం మీరు ఇప్పటికే తిరుగుతూ ఉంటారు.