మా ఆఫీసు కిటికీలు తెరుచుకోవు, అదే మా భాగ్యం!

కిటికీ తెరవడమంత అనాగరికమైన అలవాటు ఇంకోటి లేదు! నమ్మకం లేకపోతే మా కొత్త ఆఫీసుకి రండి. నాలుగు వైపులా అద్దాలే. ఒక్కటీ తెరుచుకోదని మేనేజర్ గారు మొదటిరోజే గర్వంగా చెప్పారు. దుమ్ము రాదు, దోమ రాదు, గాలి అసలే రాదు. ఇంతకన్నా ఏం కావాలండీ?

ఈ విషయంలో మొక్కలకి బొత్తిగా బుద్ధి లేదు. ఆకుకి, ముఖ్యంగా అడుగువైపున, కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయట. పొద్దున వెలుతురు రాగానే, ఎవరినీ అడక్కుండా, వాటిని తెరిచేస్తుంది. గాలి లోపలికొస్తుంది, సరే. ఒంట్లోని నీళ్లు ఆవిరై బయటికి పోవూ? అప్పుడు కంగారుపడి, రంధ్రాలు మూసుకుని, పని తగ్గించేస్తుంది. సెలవు చీటీ కూడా ఇవ్వకుండా! రోజంతా ఈ తెరవడాలూ మూయడాలూ ఎందుకు? మా బిల్డింగ్‌లాగా ఒక్కసారి మూసుకుని కూర్చుంటే పోలా?

మా టైపిస్టు అక్కదీ ఆకు బుద్ధే. ఆవిడకి ఉబ్బసం.

"సార్, ఒక్క కిటికీ తెరిపించండి సార్. మధ్యాహ్నమయ్యేసరికి ఊపిరాడట్లేదు. మానేద్దామంటే ఇల్లు గడవదు."

"ఏసీ చల్లగాలంతా బయటికి పోదూ! మొక్క పెట్టిస్తాలెండి, బోలెడు ఆక్సిజన్," అన్నారు మేనేజర్ గారు.

ఎంత దయ! అన్నట్టే అక్క బల్ల పక్కన ఓ కుండీ వెలిసింది. ఇంతలో పై అధికారులు వస్తున్నారని కబురు. ఆకులు తళతళలాడట్లేదని మేనేజర్ గారికి బెంగ పట్టుకుంది. తలకి రాసుకునే నూనె తెప్పించి, దగ్గరుండి మా చేత పూయించారు.

"పైపైన పూసి వదిలేస్తారేంటయ్యా? ఎదురు సోఫాలో కూర్చున్నవాళ్లకి ఆకుల అడుగు కనిపిస్తుంది. కిందా పూయండి!"

పూశాం. వచ్చినవాళ్లు మెచ్చుకుని వెళ్లారు. రంధ్రాలన్నీ పూడుకుపోయి, మొక్కకి ఇక తెరిచే బాధ తప్పింది. ఆకులు పసుపురంగుకి తిరిగి, ఎంతో క్రమశిక్షణతో ఒక్కొక్కటే రాలిపోయాయి. వెంటనే ప్లాస్టిక్ మొక్క వచ్చింది. దీనికి గాలీ వద్దు, నీళ్లూ వద్దు. ఆదర్శ ఉద్యోగి అంటే ఇదీ!

అక్కే ఆ స్థాయికి ఎదగలేకపోయింది. మొన్న మధ్యాహ్నం టైపు చేస్తూ చేస్తూ బల్ల మీదికి వాలిపోయింది. మందు పీల్చినా ఆయాసం తగ్గలేదు. దగ్గర్లో ఉన్నది మేనేజర్ గారి గదే. నేనూ, పక్క సీటాయనా చెరో చెయ్యీ పట్టుకుని అక్కడికే నడిపించాం.

తలుపు తీయగానే మొహాలకి గాలి కొట్టింది. అసలైన గాలి! ఆయన కుర్చీ వెనక, కర్టెన్ చాటున, ఓ కిటికీ బార్లా తెరిచి ఉంది.

అక్కని దాని పక్కన కూర్చోబెట్టాం. కాసేపటికి ఊపిరి అందింది. అందగానే ఆవిడ చేసిన మొదటి పని ఏడవడం.

"ఇప్పుడు బాగానే ఉందిగా? ఇక సీటుకి వెళ్లండమ్మా," అన్నారాయన.

మేం బయటికి రాగానే, చల్లగాలి పోతోందని తలుపు వేసుకున్నారు. కిటికీ మాత్రం వేసుకోలేదు.